టీచరమ్మ నేర్పిన ఎదురుచూపు

మా వీధి చివర కొత్త ఇల్లు కడుతున్నారు. మొన్న పొద్దున్నే బోరు బండి వచ్చింది. అనంతపురంలో ఉండేవాళ్లకు ఆ చప్పుడు కొత్తేమీ కాదు. తలుపులు బిగించుకున్నా, కిటికీలకు తడిగుడ్డలు కట్టుకున్నా ఆ తెల్లటి రాతిదుమ్ము ఎలాగో ఇంట్లోకి వచ్చేస్తుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే పళ్ల కింద కరకరమంటుంది. భూమి లోపల ఎన్నాళ్లనుంచో గాలి తగలని రాయి ఒక్కసారిగా పొడై బయటికొస్తే దానికొక వాసన ఉంటుంది. ఆ వాసన నాకు పడదు. వంట సగంలో ఆపేసి వెనక వాకిట్లో కూర్చుంటే, తలనొప్పా అని మా ఆయన అడిగాడు. కాదన్నాను. ఆ వాసన వస్తే నాకు ముందు మా నాయన పొలం గుర్తొస్తుంది, వెంటనే సుగుణమ్మ టీచరమ్మ గుర్తొస్తుంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. 

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి. బస్సు మెట్టు ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి, అందిస్తే కసురుకునేది. ఎండాకాలం, వానాకాలం అని లేకుండా నల్ల గొడుగు, భుజాన గుడ్డ సంచి. ఆమె బడిలో పనిచేసే టీచరు కాదు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పే మనిషి. అలాంటివాళ్లను మా వైపు బైబులమ్మ అంటారు. నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే కాబట్టి నేను టీచరమ్మ అనేదాన్ని. సొంత ఊరు గుంతకల్లు. వాళ్ల నాయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మా అమ్మకొక్కదానికే ఉండేది. "నా గొడుగు కింద ఇంకొకరికి చోటు లేదులే" అని నవ్వేసేది టీచరమ్మ. కళ్యాణదుర్గం నుంచి ప్రతి గురువారం సాయంత్రం బస్సులో కంబదూరు వచ్చి, అక్కడినుంచి మా ఊరికి నడిచి వచ్చేది. ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ పోయేది. మా గుడి రాతిగోడల మీద నాపబండలు పరిచిన చిన్న మిద్దె. దాని పక్కన ఒక గది. ఆ గదిలోనే ఆమె మకాం. పాస్టరుగారు నెలకొకసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మా ఇరవై ఇళ్లకు పెద్దదిక్కు ఆమే.

నేను చెబుతున్నది తొంభైల చివరి మాట. అప్పటికి మా ఊళ్లో రెండేళ్లుగా శెనక్కాయ పంట పెట్టిన విత్తనం కూడా తిరిగి ఇవ్వలేదు. డిసెంబరు వచ్చిందంటే చుట్టుపక్కల గుళ్లన్నిట్లో ఒకటో తారీఖు నుంచే క్రిస్మస్ పాటలు మోగేవి. మా గుడిలో మోగేవి కావు. టీచరమ్మ ఒప్పుకునేది కాదు. పండుగ దాకా ఉన్న నాలుగు ఆదివారాలూ పాత నిబంధనలోని ప్రవక్తల మాటలే చదవాలి. రక్షకుడు వస్తాడని యేసు పుట్టకముందు వందల ఏళ్లనుంచీ చెబుతూ వచ్చిన మాటలవి. నరికేసిన మొద్దు నుంచి చిగురు పుడుతుందని ఒకరన్నారు. లెక్కలోకి రాని చిన్న ఊళ్లో రాజు పుడతాడని ఇంకొకరన్నారు. పుట్టేవాడికి 'దేవుడు మనకు తోడు' అని పేరు పెడతారని మరొక మాట. అవన్నీ యేసు పుట్టుకలో, ఆయన బతుకులో, చావులో నెరవేరాయని మేం నమ్ముతాం. క్రైస్తవుడన్న ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. ఫలానా మాట, దానికి ఎదురుగా ఫలానా నెరవేర్పు అని చిన్నపిల్లలు కూడా గడగడా అప్పజెప్పేస్తారు. టీచరమ్మకు ఆ గడగడే నచ్చేది కాదు.

ఎవరైనా ప్రవక్త మాట చదివి, వెంటనే "ఇది యేసు గురించి" అనేస్తే చేత్తో ఆపేది. "ఏం తొందరప్పా నీకు? బస్సు పోతాందా?" అనేది. ముందు ఆ మాట మొట్టమొదట ఎవరి చెవిన పడిందో చెప్పాలి. వాళ్లకు అప్పుడు వచ్చిన కష్టమేమిటో చెప్పాలి. ఊళ్లు కాలిపోయినవాళ్లా, పరాయి రాజ్యానికి చెరగా పోయినవాళ్లా, పండని భూమిని చూసుకుంటూ కూర్చున్నవాళ్లా. వాళ్లలో ఎంతమంది కళ్లారా చూడకుండానే పోయారో కాసేపు తలుచుకోవాలి. అప్పుడు గానీ యేసు పేరెత్తనిచ్చేది కాదు. కుర్రకారు విసుక్కునేవాళ్లు. పాటలు లేని డిసెంబరేమిటని నేను కూడా మూతి ముడుచుకునేదాన్ని. ఒకసారి ఎవరో యూదుల మీద హేళనగా ఏదో అన్నారు, రక్షకుడు వచ్చిపోయినా గుర్తుపట్టలేని వాళ్లని. టీచరమ్మ ముఖం ఎర్రబడింది. "వాళ్లూ ఈ మాటలే సదువుతాండారు. వేరేగా అర్థం చేసుకుంటారు, ఇంకా ఎదురుచూస్తాండారు. ఎదురుచూసేది మనకు నేర్పినోళ్లు వాళ్లే. వాళ్లను తక్కువ చేసి మాట్లాడితే ఈ గుడిలోకి రావద్దు" అంది. ఆమె అంత కోపంగా మాట్లాడటం నేను రెండుసార్లే చూశాను. రెండోసారి కోపం నా మీద.

ముందుగా చెప్పడం అంటే ఏమిటో ఆమె నాకు చెప్పిన తీరు మరిచిపోలేను. నాకు పద్నాలుగేళ్లుంటాయి. గది ముందర కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. ప్రవక్తలకూ ఎరుక చెప్పేవాళ్లకూ తేడా ఏమిటని అడిగాను. ఆమె గింజలు పక్కకు పెట్టింది. "మా నాయన గుంతకల్లుకు ఇవతల చిన్న స్టేషన్లో చేసేటోడు. నేను అన్నం క్యారేజీ తీసుకొని పోయేదాన్ని. పక్క స్టేషన్లో బండి బయలుదేరితే ఈడ గంట మోగుతాది. బండి కనపడదు, పొగ కనపడదు. పట్టాల మీద కుక్క పండుకోనుంటాది. ఐనా మా నాయన తింటాన్న ముద్ద ఇడిసిపెట్టి, చెయ్యి కడుక్కొని, జెండా పట్టుకొని పోయి నిలబడేటోడు. ప్రవక్తంటే అట్లాటోడు. గంట ఇన్నాడు, లేసి నిలబడినాడు. ఎరుక చెప్పేటామె నిన్ను సంతోషపెట్టేకి చెప్తాది. ఈయప్ప నిన్ను లేపేకి చెప్తాడు" అంది. కొన్నిసార్లు బండి గంటలకొద్దీ వచ్చేది కాదట. అయినా వాళ్ల నాయన జెండా కింద పెట్టేవాడు కాదట. "కాళ్లు నొయ్యవా?" అని అడిగాను. "నొస్తాయి. ఎందుకు నొయ్యవు?" అంది ఆశ్చర్యపోతూ.

ఊళ్లో మిగతావాళ్లకు కూడా ఆమె అంటే ఇష్టమే. గొర్రెలు కాచే హనుమంతన్న దారిలో ఆమెను చూస్తే ఆటపట్టించకుండా వదిలేవాడు కాదు. ఒకరోజు నేనూ ఆమె వెంట ఉన్నాను. "ఏమమ్మా, మీ దేవుడు వస్తాడని వందల ఏండ్ల ముందే చెప్పినారంట. మా ఊరికి వాన ఎప్పుడొస్తాదో ఒక మాట రాసిపెట్టలేకపోయినారా?" అన్నాడు. "రాసింటే నీకంటే ముందు నేనే యాడన్నా రొంత భూమి కొని ఇత్తనం ఏసేదాన్ని కదప్పా" అంది టీచరమ్మ. హనుమంతన్న పగలబడి నవ్వాడు. ఇద్దరూ కలిసి వేపచెట్టు నీడలో కూర్చుని ఆకు, వక్క వేసుకున్నారు. వాన గురించి దేవుడు తనకేమీ చెప్పలేదని అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకప్పుడు కొంచెం నామోషీగానే అనిపించింది. మన దేవుడి తరఫున కాస్త గట్టిగా మాట్లాడవచ్చు కదా అనుకున్నాను.

ఇక నేను చేసిన పని చెప్పాలి. మా తెలుగు క్రైస్తవుల్లో కొత్త సంవత్సరం రోజున వాగ్దానపు చీటీ తీసుకునే అలవాటు ఉంది. ఒక పెట్టెలో చిన్న చిన్న అట్టముక్కలు ఉంటాయి. ఒక్కొక్కదాని మీద ఒక్కో వాక్యం. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒకటి తీస్తారు. ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చిన మాట. ఇంటికి తీసుకుపోయి గోడకు అంటించుకుంటారు. టీచరమ్మకు ఆ పెట్టె అంటే గిట్టేది కాదు. "చిలక బదులు మనమే తీస్తాండాం, అంతే తేడా" అని మా అమ్మతో గొణిగేది. కానీ పాస్టరుగారు తెచ్చిన పెట్టె కాబట్టి బయటపడి వద్దనేది కాదు. చీటీ తీసిన ప్రతివాళ్ల దగ్గరా కూర్చుని, ఆ వాక్యానికి ముందూ వెనకా ఏముందో విడమరిచి చెప్పేది. ఆ ఏడు ఆమె లేదు. కంటి ఆపరేషనుకు గుంతకల్లు పోయి తమ్ముడింట్లో ఉంది. పాస్టరుగారు పొద్దున బస్సుకు వచ్చి, ఆరాధన ముగించి, పెట్టె నా చేతిలో పెట్టి, ఇంకో ఊళ్లో ఆరాధన ఉందని పరుగెత్తాడు. నాకు అప్పటికి పదహారేళ్లు. చదువురానివాళ్లకు చదివిపెట్టే పని నాది. లోపల ఎంత పొంగిపోయానో నాకే తెలుసు.

మా నాయన చివర తీశాడు. ఆయనకు అక్షరమ్ముక్క రాదు. చీటీని తిప్పి తిప్పి చూసి నా చేతికిచ్చాడు. ఎడారిలో నదులు పారిస్తానని, ఎండిన నేలకు నీళ్లిస్తానని దేవుడన్న మాట అది. చదివాను. "మల్ల సదువు పాపా" అన్నాడు. మళ్లీ చదివాను. గుడి ఖాళీ అయింది. ఆయన కళ్లలో నేను ఎప్పుడూ చూడని వెలుగు. రెండేళ్లుగా ఆ మనిషి నవ్వడం మానేశాడు. "ఇది ఎవురికి చెప్పినాడు?" అని అడిగాడు. టీచరమ్మ దగ్గర అంతకాలం కూర్చున్నదాన్ని, నాకు జవాబు తెలియదా? బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు, ఇళ్లకు తిరిగిపోతామన్న ఆశ చచ్చిపోయినవాళ్లకు చెప్పిన మాట. మేమైతే ఆ నీళ్లను యేసులో చూసుకుంటాం. అదంతా నా నాలుక చివరన ఉంది. కానీ ఆ వెలుగును ఆర్పడానికి నాకు నోరు రాలేదు. "నీకే నాయనా. నీ చేతికే కదా వచ్చింది" అన్నాను. ఆయన చీటీని రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, పొలం వైపు నడిచాడు.

సంక్రాంతి దాటకముందే, పొలంలో బోరు వేయిస్తానని ఎద్దులను అమ్మేశాడు. అమ్మ ఏడ్చింది, కాళ్లు పట్టుకుంది. "దేవుడే చెప్పినాడు కదే" అన్నాడు. మా వైపు బోరు వేయించాలంటే ముందు నీళ్లు పడే పాయింటు చూపిస్తారు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరిగేవాళ్లుంటారు, వేపపుల్ల పట్టుకుని తిరిగేవాళ్లుంటారు. నాయన ఎవరినీ పిలవలేదు. మాట ఇచ్చినవాణ్ణి అనుమానించినట్టు అవుతుందన్నాడు. పొలం నడిమధ్య నిలబడి, మోకాళ్లూని, లేచి, అక్కడే వెయ్యమన్నాడు. బండి పొద్దున మొదలుపెట్టింది. ఊళ్లో సగం మంది గట్టు మీద చేరారు. వంద అడుగులు, రెండు వందల అడుగులు, తెల్లదుమ్ము తప్ప ఇంకేమీ రాలేదు. హనుమంతన్న గొర్రెలను వదిలేసి వచ్చి మా నాయన పక్కన నిలబడ్డాడు.  మూడు వందలు దాటాక బండివాళ్లు మిషను ఆపి నాయన వైపు చూశారు. ఆయన ఒళ్లంతా తెల్లగా అయిపోయి ఉంది, కనుగుడ్లు తప్ప. చాలని చెయ్యి ఊపాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను చంపింది. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే తేలిపోయేదాన్ని. గుడికి రావడం మానేశాడు. ప్రతి పొద్దునా పొలం పోయి, బోరు గుంత మూతి మీద బండ పెట్టి, దాని పక్కన ఊరికే కూర్చుని వచ్చేవాడు. దున్నుదామంటే ఎద్దుల్లేవు. అందరూ నాయన మొండితనమే అనుకున్నారు. నేను ఆయనకు ఏం చెప్పానో మా ఇద్దరికే తెలుసు. నాకు అన్నం సయించేది కాదు. టీచరమ్మ రావాలని ఒక పక్క, రాకూడదని ఇంకో పక్క. ఆ రెండు నెలలు నేను ఎలా గడిపానో దేవుడికే తెలియాలి.

మార్చిలో ఒక గురువారం ఆమె వచ్చింది. కళ్లకు నల్లద్దాలు. ఆమె సంచి దించకముందే నేను అంతా కక్కేశాను. ఓదారుస్తుందనుకున్నాను. చిన్నపిల్లవు, నీకేం తెలుసు అంటుందనుకున్నాను. ఆమె అద్దాలు తీసింది. "తెలిసి చెప్పినావా, తెలీక చెప్పినావా?"

"తెలిసే."

"దేవుడు అనని మాట దేవుడన్నాడని చెప్పినావు. ఆయప్ప నిన్ను నమ్మినాడు గాని చీటీని కాదు."  ఆ కోపం చూసి నేను గోడకు జరిగాను.  తరువాత ఆమె తనలో తాను అనుకున్నట్టుగా, "ఆ పెట్టె వద్దని నేను ఏ దినమూ గట్టిగా చెప్పలేదు. నాదీ తప్పే" అంది. నల్లద్దాలు పెట్టుకుని గొడుగు తీసింది. "పద, మీ నాయనకు చెబుదువు." మీరే చెప్పండి టీచరమ్మా అని బతిమాలాను. "నేను పక్కన నిలబడతా. చెప్పాల్సింది నువ్వే" అంది.

నాయన బండ పక్కనే కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, తుండుగుడ్డ భుజం మీదనుంచి తీశాడు. నేను నేల చూస్తూ చెప్పాను. "నాయనా, ఆ దినం నువ్వు ఎవురికి చెప్పినాడని అడిగినావు కదా. నీకు కాదు. నాకు తెలుసు. తెలిసీ నీకేనని చెప్పినా."

"ఎందుకు?"

"నువ్వు సంతోషపడతావని."

ఆయన బండ మీది దుమ్మును తుండుగుడ్డతో తుడిచాడు. "పడినా కదా పాపా" అన్నాడు. "బండి వచ్చేదాకా పడినా." ఆ మాటకు నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, టీచరమ్మ వైపు తిరిగాడు. "మరి ఎవురికమ్మా ఆ మాట?"

ఆమె దాపరికం లేకుండా చెప్పింది. ఇల్లూ వాకిలీ పోయి పరాయి దేశంలో పడున్నవాళ్లకు చెప్పినాడంది. వాళ్లలో శానామంది తిరిగి రాకుండానే ఆడనే సచ్చిపోయినారంది. "అట్లాంటప్పుడు చెప్పేదెందుకు?" అన్నాడు నాయన. "నాకూ పూర్తిగా తెలీదన్నా. నేను నమ్మేది చెప్తా. ఆ మాట వాళ్ల దగ్గర ఆగిపోలేదు. వస్తానన్నోడు వచ్చినాడు. అందరూ కత్తి పట్టుకున్న రాజు వస్తాడని చూస్తాండిరి. ఈయన కొయ్యపని చేసే వడ్లోళ్ల ఇంట్లో పెరిగినాడు. నీళ్లిస్తానన్న దేవుడే మనిషై వచ్చి, సిలువ మీద ఏలాడతా దాహమైతాందని అడిగినాడు. మన నేల ఎట్లుండాదో ఆయన నాలుక అట్ల ఎండిపోయినాది. మీ పొలంలో నీళ్లు పడతాయని నేను చెప్పలేను. నీ దాహం ఆయనకు తెలుసని మాత్రం చెప్తా."

"నీళ్లిచ్చినారా ఆయనకు?" అని అడిగాడు నాయన.

"లేదు. పులిసిపోయిన ద్రాక్షరసం ఇచ్చినారు."

నాయన ముఖం చిట్లించాడు. "థూ. దాహమన్నోనికి ఎవరన్నా అట్లిస్తారా?" అన్నాడు. దేవుడి సంగతి పక్కన పెట్టి, ఆ మనిషి కోసం ఆయనకు నిజంగా కోపం వచ్చింది. గట్టు కింద నీడలో పెట్టుకున్న ముంత తెచ్చి, "ఎండన పడి వచ్చినారు, తాగండి" అని టీచరమ్మ దోసిట్లో నీళ్లు పోశాడు. ఆమె తాగుతూ ఉంటే నల్లద్దాల కింద నుంచి కన్నీళ్లు కారడం నేను చూశాను. ఆపరేషను కన్ను, ఏడవకూడదని డాక్టరు చెప్పాడట. దారిలో నాకు ఆ సంగతి చెప్పి, ఏదో నేనే ఏడిపించినట్టు తిట్టింది.

ఆ తరువాత అన్నీ చక్కబడ్డాయని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఆ ఏడూ వాన సరిగా లేదు. ఎద్దులు తిరిగి రాలేదు. నాయన బెంగుళూరుకు కట్టడం పనికి పోయాడు. కొన్ని నెలలు అక్కడ, కొన్ని నెలలు ఇక్కడ. డిసెంబరులో వచ్చినప్పుడు టీచరమ్మ ఇంటికి వచ్చి, ప్రవక్త మాట ఒకటి గుడిలో ఆయన చెప్పాలంది. "నాకు సదువు రాదు, నేను గుడికే రావడంలేదు" అన్నాడు. "అందుకే అడుగుతాండా" అంది. ఆ వారం కళ్యాణదుర్గం పోకుండా ఉండిపోయి, రోజూ వాకిట్లో కూర్చుని నోటితో నేర్పింది. నాలుగో ఆదివారం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకుని నిలబడ్డాడు. "ఎండిన నేలలో మొలక లేసినట్ల లేసినాడు. ఎవురూ మెచ్చే రూపు కాదు. మన నొప్పులు ఆయనే మోసినాడు" అన్నాడు. అక్కడికి ఆగాలి. ఆగలేదు. "ఈ మాట చెప్పినాయప్ప చూడలేదంట. ఐనా అబద్ధం చెప్పలేదంట" అని కలిపి, వచ్చి మా అమ్మ పక్కన కూర్చున్నాడు. నేను తల ఎత్తలేకపోయాను. ఆ మాట నా కోసం అన్నాడో, తన కోసం అన్నాడో ఈరోజుకూ అడగలేదు. చిన్నప్పటినుంచి నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, మా నాయన అన్న ఆ నాలుగు ముక్కలు ఒక ఎత్తు.

నన్ను చదువు మాననివ్వకుండా అనంతపురం హాస్టల్లో చేర్పించింది టీచరమ్మే. నేను టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి, పెళ్లి చేసుకున్నాను. ఆమె మాత్రం అదే గొడుగుతో అవే ఊళ్లు తిరిగింది. తరువాత కొన్నేళ్లకు ఆమెకు ఒంట్లో బాగాలేదని, గుంతకల్లులో తమ్ముడింట్లో పడుకునే ఉందని కబురొచ్చింది. రైల్లో పోతూ దారి పొడుగునా ఆమెకు ఏ వాక్యం చదవాలా అని వెతుక్కున్నాను. స్వస్థత గురించి ఒకటి ఎంచి పెట్టుకున్నాను. తమ్ముడికిచ్చిన రైల్వే క్వార్టర్సులో ముందు గదిలో మంచం. ఆ పొట్టి మనిషి ఇంకా చిన్నదైపోయింది. నన్ను చూడగానే, "నేను బాగైతానని చెప్పేకి వచ్చినావా?" అంది.

"చెప్పేకే వచ్చినా టీచరమ్మా. చెప్పను."

ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వింది. "ఐతే ఇంకా జరగనిది ఒకటి సదువు" అంది. మా ఎదురుచూపు యేసు పుట్టుకతో ముగిసిపోలేదు. ఆయన మళ్లీ వస్తాడని, ఆ రోజు చావు ఉండదని, దేవుడే అందరి కన్నీళ్లు తుడుస్తాడని ప్రవక్తలు చెప్పిన మాటలు ఇంకా బాకీ ఉన్నాయి. అది చదివాను. మధ్యలో ఆపేశాను. "ఆపొద్దు" అంది కళ్లు మూసుకునే. చివరిదాకా చదివాక, "మీకు భయం లేదా?" అని అడిగాను. "ఉండాది. ఎందుకుండదు? నాకు నమ్మకమూ ఉండాది, భయమూ ఉండాది. రెండూ ఒకే మంచం మీద పండుకోనుండాయి" అంది. నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. సాయంత్రం బండికి బయలుదేరేదాకా ఆ చెయ్యి వదిలించుకోలేదు. రెండు వారాలకు పోయింది.

ఇప్పుడు ఈ ఊళ్లో మా గుడిలో డిసెంబరు పాఠాలు నేను చెబుతాను. పిల్లలు గడగడా అప్పజెబితే ఆపుతాను. కొత్త సంవత్సరం నాడు ఎవరో ఒకరు చీటీ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. రోగంతో ఉన్న పిల్లాడి తల్లి రావచ్చు, పని పోయినవాడు రావచ్చు. వాళ్ల ముఖాల్లో ఆ వెలుగు కనబడితే నాకు ఇప్పటికీ మా నాయన చీటీ చుట్టుకున్న రుమాలు గుర్తొస్తుంది. ఆ మాట మొదట విన్నవాళ్ల గురించి చెబుతాను, వచ్చినవాడి గురించి చెబుతాను, మీ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలియదని కూడా చెబుతాను. చెప్పాక లేచిపోను. వాళ్లు లేచేదాకా పక్కనే కూర్చుంటాను. ఆమె ఉంటే ఇంకా బాగా చెప్పేదని ప్రతిసారీ అనిపిస్తుంది. ఎంత మంది మధ్య ఉన్నా ఆమె లేని లోటు నాకు తీరలేదు.

క్రీస్తు మళ్లీ వచ్చే రోజున లోకమంతా ఆయన వైపే చూస్తుందని వాక్యం చెబుతుంది. నేనూ చూస్తాను. కానీ ఆ గుంపులో మునివేళ్ల మీద లేచి, ఎవరి భుజాల వెనకనో కనబడకుండా నిలబడ్డ ఆ పొట్టి మనిషి కోసం ముందు వెతుక్కుంటాను. దేవుడు దానికి ఏమీ అనుకోడులే.